విజయనగరంలో సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నారా, ముందు ఇంజన్ మీద చెయ్యేసి చూడండి

నేనెలాగూ మోసపోయాను, మీరన్నా చూసుకుంటారని రాస్తన్నాను. పోయిన నెల విజయనగరంలో ఒక సెకండ్ హ్యాండ్ బళ్ల షాపులో 100 సీసీ బండి 36 వేలకి తీసుకున్నా. నేను వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది, ఏటన్నా అంటే "ఇప్పుడే సర్వీసింగ్ నుంచొచ్చింది బాబూ" అన్నాడు, సౌండు మెత్తగా ఉంది, పొగ లేదు, ఇంకేటి చూస్తాం, డబ్బులిచ్చీసి చీపురుపల్లి వచ్చీసాను.

మర్నాడు పొద్దున్న కిక్కు కొడితే కాలికి బరువే తగల్లేదు, సైకిల్ పెడలు వెనక్కి తిప్పినట్టు ఉత్తినే దిగిపోయింది. 20 కిక్కులకి స్టార్టయ్యి ఒకటే నీలం పొగ, మా అమ్మయితే దోమల మందు కొట్టేవాళ్లొచ్చారనుకుంది. మూడు వారాలకి ఆయిల్ పుల్ల తీసి చూస్తే పొడిగా ఉంది.

మా మెకానిక్ మావయ్య తాళం ఆఫ్‌లోనే ఉంచి ప్లగ్గు (ఇంజన్లో నిప్పు రవ్వ కొట్టేది) ఊడదీసి, ఆ కన్నం మీద నా బొటనవేలు పెట్టమని కిక్కు కొట్టాడు. మంచి ఇంజనయితే గాలి వేలిని ఎగదన్నాలంట, నాకు ఎవరో ఊదినట్టుంది అంతే. తర్వాత కన్నంలో కాస్త ఇంజనాయిల్ పోసి కొడితే వేలు ఎగిరింది! "వాల్వులు కాదురా, రింగులు పోయాయి, ఆయిలు సందు కప్పింది గనక గాలి ఆగింది" అన్నాడు. వాల్వులంటే పెట్రోలూ గాలీ లోపలికొచ్చే, పొగ బయటకెళ్లే తలుపులు; రింగులంటే పిస్టను (ఇంజన్లో పైకీ కిందకీ ఆడే ముక్క) చుట్టూ గాలి జారకుండా పట్టే కట్లు.

ఇలాంటి బళ్లలో ఉండే ఫోర్ స్ట్రోక్ ఇంజనంటే ఇదేనంట: పిస్టను దిగుతూ పెట్రోలూ గాలీ లాక్కుంటుంది, వాల్వులు రెండూ మూసుకున్నాక పైకొచ్చి నొక్కుతుంది, నిప్పు తగిలి కిందకి తన్నుద్ది, మళ్లీ పైకొచ్చి పొగ బయటకి తోస్తుంది. క్రాంకు (పిస్టను తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే తన్ను ఒక్కటే, బండి నడిచేది దాంతోనే. రింగులు అరిగాయంటే నొక్కిన గాలి కిందకి జారిపోద్ది, కింద ఆయిలు పైకొచ్చి మండుద్ది. చిక్కటి ఆయిలు పోసీసి అమ్మీసుంటాడు, కొన్నాళ్లు పొగా సౌండూ దాగుతాయి. వేడి మీదయితే అరిగిన ఇంజను కూడా ఒక్క కిక్కుకే లేస్తుంది, అందుకే ముందే వేడెక్కించి ఉంచాడు.

బోరింగు (పిస్టను ఆడే గొట్టాన్ని లోపల చెక్కడం), పిస్టను, రింగులు అన్నీ కలిపి 7,200 అయ్యింది. షాపుకెళ్లి అడిగితే "చూసే కదా తీసుకున్నావు" అంటాడు.

పొద్దున్నే షాపు తీసే టైముకి వెళ్లండి, ఇంజను వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి. స్టార్ట్ చెయ్యకముందే సైలెన్సర్లో వేలు పెట్టి చూడండి, పొడి మసి అయితే పర్లేదు, జిడ్డుగా నల్లగా అంటుకుంటే వద్దు. మెకానిక్‌ని తీసుకెళ్తే ఇంకా మంచిది, ప్లగ్గు ఊడదియ్యనివ్వకపోతే అక్కడినుంచే తిరిగొచ్చీయండి, పోయేది బస్సు చార్జీయే.