ఆశక్కా, హెల్త్ సెంటరా, మెడికల్ షాపా: పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఎక్కడికి పోతే మేలు?

ఈ నెల రోజుల్లో ముగ్గురు అడిగారు నన్ను. పాకాలలో కొత్తగా కాపురానికి వెళ్ళిన మా పిన్ని కూతురు, శ్రీసిటీలో షిఫ్టులు చేసే నా ఫ్రెండు, బాలాజీ కాలనీ హాస్టల్లో ఉండి పీజీ చదివే ఇంకో అమ్మాయి. ఏమేం మందులున్నాయో ముగ్గురికీ తెలుసు, ఎక్కడికి పోయి అడగాలో తేలడం లేదు. నేను ఏడాదిన్నరగా తిరుపతిలోనే ఒక అర్బన్ హెల్త్ సెంటర్లో అంతర ఇంజెక్షన్ (గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే సూది) వేయించుకుంటున్నా కాబట్టి నా అనుభవం చెప్తాను.

మొదట మెడికల్ షాపు, ఎందుకంటే ఎక్కువమంది పోయేది అక్కడికే. రాత్రి పది దాకా తెరిచి ఉంటుంది, పేరు అడగరు, పెళ్ళైందా అని అడగరు, నల్ల కవర్లో పెట్టి ఇచ్చేస్తారు. నిన్న రాత్రి కాండోమ్ చిరిగిపోయిందంటే 72 గంటల్లోపు వేసుకోవాల్సిన మాత్రకు ఇంతకంటే దగ్గరి దారి లేదు, అందులో వాదనే లేదు. కానీ ఆ ఒక్క మాత్రనే నెలకి రెండుసార్లు, మూడుసార్లు కొనుక్కుంటున్న అమ్మాయిలు నాకు తెలుసు. అది అత్యవసరానికి మాత్రమే, రోజూ వాడే మాత్రలంత గట్టిగా గర్భాన్ని ఆపదు, పైగా పీరియడ్స్ తేదీలు తారుమారవుతాయి, అప్పుడు గర్భమేమోనని మళ్ళీ టెన్షన్. ఈ మాట కౌంటర్లో ఉన్న అబ్బాయి చెప్పడు, బీపీ చూడడు, తలనొప్పి వస్తుందా అని అడగడు.

ఆశక్క ఇంటికే తెచ్చిస్తుంది. రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు ఒక నెల అట్టకి రూపాయి, ఎమర్జెన్సీ మాత్రకి 2 రూపాయలు, ఇంటికి తెచ్చినందుకు ఆ పథకంలో పెట్టిన రేటు అది. అత్తగారింట్లో అందరూ ఒక మాట మీద ఉంటే ఇంతకంటే సుఖం లేదు. అలా లేకపోతే చిక్కే, ఎందుకంటే ఆమెదీ అదే వీధి, మీ అత్తతో కలిసి పాలకి పోయే మనిషి, ఆమె నోరు జారకపోయినా మీ గుమ్మంలో ఆగితే ఎదురింటివాళ్ళు చూస్తారు. ప్రైవేటు గైనిక్ డాక్టరు బాగానే చూస్తారు, డబ్బుంటే వెళ్ళొచ్చు, అంతే.

ఇక హెల్త్ సెంటర్. నా మొదటి అనుభవం చేదు. పెళ్ళైన ఆరు నెలలకి మాకు దగ్గర్లో ఉన్న ఒక సెంటర్‌కి వెళ్ళా, పేరు వద్దు. ఓపీ చీటీ పట్టుకుని వరుసలో నిలబడితే సిస్టర్ అందరికీ వినబడేలా "పిల్లలెంతమంది పాపా?" అంది. ఇంకా లేరన్నా. "ఒక కాన్పు కానీ, తర్వాత చూద్దాం" అనేసి వెనకామెని పిలిచింది. చీటీ మడిచి పర్సులో పెట్టుకుని వచ్చేశా. ఆమెని తిట్టుకున్నా గానీ తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి 70 మంది దాకా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మా అమ్మకి 22 ఏళ్ళకే అయిపోయింది. ఇద్దరు పుట్టాక ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళనే చూసీ చూసీ, అసలు పిల్లలే లేని అమ్మాయి వచ్చి ఎడం కావాలంటే ఏం చెప్పాలో వాళ్ళకి అలవాటు లేదు. కనీసం ఒక బిడ్డ ఉండాలన్న నియమం ఆపరేషన్‌కే. మాత్రలకీ, అంతరకీ, కాపర్-టీకీ కాన్పు అయి ఉండాలని గానీ, భర్త సంతకం తేవాలని గానీ లేదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకుని వెళ్ళండి.

ఇంత జరిగినా నేను హెల్త్ సెంటర్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే నా లెక్కలో తేల్చేది రెండోసారి వెళ్ళడం. మొదటిసారి మందు ఎక్కడైనా దొరుకుతుంది. తేడా చేసినప్పుడు ఎవరి దగ్గరికి పోతాం? మా ఏరియాది కాని ఇంకో సెంటర్‌కి, ఆటోలో పావుగంట దూరం, పోయి అడిగితే డాక్టరు మేడం బీపీ చూసి, చివరి పీరియడ్ తేదీ రాసుకుని అంతర వేయించారు. సూది వేసిన చోట రుద్దొద్దు, వేడి కాపడం పెట్టొద్దు అని చెప్పి, మూడు నెలల తర్వాతి తేదీ రాసిన కార్డు చేతిలో పెట్టారు. పదిహేను రోజులకి మరకలు మొదలై ఇరవై రోజులు ఆగలేదు. భయపడి కార్డు పట్టుకుని పోయా. సిస్టర్ పక్కన కూర్చోబెట్టుకుని రోజుకి ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నావని అడిగి, మొదట్లో చాలామందికి ఇలాగే ఉంటుంది, తగ్గుతుంది అంది. మూడో డోసు తర్వాత అసలు పీరియడ్సే ఆగిపోయాయి. చెడు రక్తం లోపలే చేరిపోతోందని మా అత్త గాభరా. మళ్ళీ పోతే యూరిన్ టెస్ట్ చేసి గర్భం కాదని తేల్చి, గర్భసంచి లోపల పొర మందంగా పెరగడం లేదు కాబట్టి బయటికి రావడానికేమీ లేదని చెప్పారు. ఈ రెండు రాకపోకలు లేకపోతే నేను మొదటి డోసుతోనే మానేసేదాన్ని. అలా మానేసినవాళ్ళు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు, ఒకరికి అనుకోకుండా గర్భం.

అందుకని మా పిన్ని కూతురికి చెప్పా: ఏడాదిలో బిడ్డ కావాలనుకుంటున్నావు కాబట్టి అంతర వద్దు, ఆపాక గర్భం రావడానికి చివరి డోసు నుంచి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. ఛాయ అనే మాత్రలు అడుగు, అందులో హార్మోన్ లేదు, పీరియడ్ మొదటి రోజున మొదలుపెట్టి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పీహెచ్‌సీకి నువ్వే వెళ్ళు, ఆశక్క చేత తెప్పించుకోకు, మీ అత్త సంగతి నీకు తెలుసు కదా.

హాస్టల్ అమ్మాయికి కూడా వేరే ఏరియా సెంటరే చెప్పా, పెళ్ళైందా అన్న ప్రశ్నకి తడబడకుండా ఏం కావాలో సూటిగా అడగమన్నా, ఏది తీసుకున్నా కాండోమ్ మానొద్దన్నా, ఎందుకంటే జబ్బుల నుంచి కాపాడేది అదొక్కటే. ఒక చోట కసిరితే ఇంకో చోటికి పోదాం, కావాలంటే నేనూ వస్తా.

శ్రీసిటీ ఫ్రెండుకి మాత్రం అంతరే. షిఫ్టులు మారుతుంటే రోజూ మాత్ర గుర్తుండదు. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి మూడు నెలలకి ఒక పూట సెలవు పెట్టాలి. పీరియడ్ వచ్చిన ఏడు రోజుల్లోపు మొదటి డోసు, తర్వాత కార్డు మీద తేదీకి సెలవు దొరక్కపోతే నాలుగు వారాల దాకా వేయించుకోవచ్చు. వచ్చే మంగళవారం ఇద్దరం కలిసి పోతున్నాం.