సెరామిక్ బ్రేక్ ప్యాడ్లు: ఒక సెట్టు అరిగేదాకా వాడాక

బ్రేకు తొక్కినప్పుడు చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును నొక్కి బండిని ఆపేవి ప్యాడ్లు. వాటిలో పింగాణీ లాంటి పదార్థంతో చేసిన సెరామిక్ రకం వేయిస్తే బ్రేకుల గోల పోతుందా? ఒక సెట్టు దాదాపు అరిగిపోయేదాకా వాడాను కాబట్టి చెబుతున్నాను: పోతుంది. కానీ ఆ మంచిపేరంతా ప్యాడ్లకే ఇవ్వలేను.

అంతకుముందు నా కారులో సెమీ మెటాలిక్ ప్యాడ్లు ఉండేవి. వాటిలో లోహపు పీచు, పొడి ఎక్కువ. గట్టిగా తొక్కితే చప్పుడు ఉండేది కాదు, సిగ్నల్ దగ్గర మెల్లగా ఆపుతుంటేనే కీచుమని అరిచేవి, పక్క బండివాళ్లు తిరిగి చూసేంతగా. ప్యాడ్ డిస్కును పట్టుకుంటూ జారుతూ సెకనుకు వేలసార్లు కంపిస్తే వచ్చే శబ్దం అది. బ్రేకు పడటానికి దానితో ఇబ్బంది లేకపోవచ్చు, వినడానికి మాత్రం ప్రాణం పోతుంది.

మెకానిక్ చక్రం విప్పాక అసలు సంగతి బయటపడింది. ఒకే చక్రంలో లోపలి ప్యాడ్ బాగా అరిగిపోయింది, బయటిది ఇంకా మందంగానే ఉంది. ప్యాడ్లను డిస్కుకు రెండు వైపులా పట్టి నొక్కే బిగింపును క్యాలిపర్ అంటారు. అటూ ఇటూ జరిగే రకం, అంటే ఫ్లోటింగ్ క్యాలిపర్‌లో, పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. నా బండిలో కింది స్లైడ్ పిన్ను చేత్తో లాగితే రాలేదు. గ్రీజు ఎండి గోధుమరంగు జిగురులా పట్టేసింది. క్యాలిపర్ సరిగ్గా కదలకపోతే బ్రేకు వదిలాక కూడా ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది, వేడెక్కుతుంది, దాని ముఖం గాజులా నున్నబడుతుంది. అరుపుకు ఇంకేం కావాలి!

అందుకే కొత్త ప్యాడ్లతో పాటు పిన్నులు శుభ్రం చేయించి, బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు పెట్టించాను. మామూలు గ్రీజు వద్దు, రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి. ప్యాడ్ చెవులు, అంటే దాని రెండు కొసలు, కూర్చునే చోట తుప్పు గీకించి, క్లిప్పులూ ప్యాడ్ వెనక కంపనం తగ్గించే పలచటి రేకులు, అంటే షిమ్ములూ కొత్తవి వేయించాను. చాలాచోట్ల ఈ పని ఎగ్గొడతారు, అడిగితేగాని చేయరు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద అరవై వేగం నుంచి పూర్తిగా ఆగకుండా పది దాకా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ కొన్నిసార్లు చేశాను. దీన్నే బెడ్డింగ్ అంటారు. ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పూతలా పరుచుకోవాలి, లేకపోతే కొత్త ప్యాడ్లు కూడా అరుస్తాయి.

ఇక వాడకం. కీచుమనడం పోయింది. చక్రాల మీద నల్లపొడి బాగా తగ్గింది, నాకు అదే ఎక్కువ నచ్చింది. నచ్చనిదల్లా పొద్దున్నే మొదటి బ్రేకు. చల్లగా ఉన్నప్పుడు పాతవాటిలా వెంటనే పట్టవు, పాదం కాస్త ఎక్కువ నొక్కాలి. బరువులు లాగేవాళ్లకూ ఘాట్ రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్లకూ మంచి సెమీ మెటాలిక్ ప్యాడ్లే నయమంటాను.

వాన వెలిసిన తెల్లారి గరగరమంటుంది, నిజమే. అది డిస్కు మీద పలచటి తుప్పు, నాలుగైదు బ్రేకులకు పోతుంది. పోకుండా ఇనుము మీద ఇనుము గీసినట్టు వినిపిస్తే మాత్రం బండి నడపకండి, ప్యాడ్ అయిపోయి వెనకున్న ఇనుప పలక డిస్కును తినేస్తున్నట్టే. ఈమధ్య నా బండిలో బ్రేకు తొక్కకపోయినా సన్నటి కూత మొదలైంది. ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకు చేరితే చిన్న రేకు డిస్కును తాకి చేసే హెచ్చరిక అది. దానికి ఏ గ్రీజూ మందు కాదు, ప్యాడ్లు మార్చాల్సిందే.

మళ్లీ సెరామిక్కే వేయిస్తాను, క్లిప్పులతో సహా. డిస్కు మందం కూడా కొలిపిస్తాను, కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది. వెనక చక్రాల డ్రమ్ము బ్రేకుల్లో ఏదో కిర్రుమంటోంది, అది వేరే కథ. ఈ ప్యాడ్లకు దానితో సంబంధం లేదు.