పిల్లికి డ్రై ఫుడ్ మేలా, వెట్ ఫుడ్ మేలా?

ఆ రాత్రి మా మగపిల్లి పదే పదే మలమూత్రాల కోసం పెట్టిన ఇసుక ట్రేలోకి వెళ్లి, వీపు వంచి కూర్చుని సన్నగా మూలిగింది. ఇసుక మాత్రం పొడిగానే ఉంది. మలబద్ధకం అనుకున్నాం. తీరా చూస్తే మూత్రం బయటికొచ్చే నాళం మూసుకుపోయింది. మగపిల్లికి ఆ నాళం బాగా సన్నం. ఒకటి రెండు రోజులు గడిస్తే ప్రాణమే పోతుంది. ఇలా కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

అప్పటినుంచి మేతమీదే నా దృష్టంతా. డ్రై ఫుడ్‌లో, అంటే పొడి గుళికల్లో, నీరు 10 శాతం దాకా ఉంటే, డబ్బాల్లో, పౌచ్‌లలో వచ్చే తడి మేత అయిన వెట్ ఫుడ్‌లో 75 నుంచి 80 శాతం. పిల్లి పూర్వీకులు ఎండు నేలల జీవులు, అందుకే దానికి దాహం తక్కువ. గిన్నె నిండా నీళ్లున్నా ఆ లోటు పూర్తిగా తీర్చుకోదు. మూత్రం చిక్కబడితే స్ఫటికాలు, రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ.

డ్రై ఫుడ్ చవక, నిల్వ ఉంటుంది. వెట్ ఫుడ్ ఖరీదు, పైగా మన ఎండలకు త్వరగా పాడవుతుంది, మిగిలింది వెంటనే తీసేయాలి. అయినా నా మొగ్గు దానివైపే. ఖర్చు భరించలేకపోతే ఒక్కపూటైనా పెట్టండి. లేదంటే ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా చికెన్ ఉడికించిన నీళ్లు డ్రై ఫుడ్‌లో కలపండి.

ముసలిపిల్లి ఎక్కువగా నీళ్లు తాగుతూ, ట్రే ఎక్కువగా తడుపుతూ బక్కచిక్కుతుంటే మాత్రం మేత మార్చి ఊరుకోవద్దు. మూత్రపిండాల జబ్బు కావచ్చు, రక్తపరీక్ష చేయించండి.