ముత్ క్వార్ట్జైటా, ముత్ ఫార్మేషనా?

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితిలో, పిన్ లోయలో ముత్ ఊరి పేరు మోస్తున్న తెల్లటి డెవోనియన్ (సుమారు 42–36 కోట్ల ఏళ్ల నాటి) రాతికి రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి. మ్యాపు మీద ఏది రాయాలి?

'క్వార్ట్జైట్' అనగానే రాయి కళ్లకు కడుతుంది. పగలగొడితే పగులు ఇసుక రేణువుల చుట్టూ తిరగదు, రేణువులనే చీల్చుకుంటూ దూసుకుపోతుంది. కానీ ఆ పేరు చూసి వేడికీ ఒత్తిడికీ బాగా రూపాంతరం చెందిన శిల అనుకుంటారు. నిజానికి ఇది సిలికా సిమెంటుతో బిగిసిన తీరప్రాంతపు ఇసుక. ఇందులో ఆర్థ్రోపోడ్‌ల (కీళ్ల కాళ్లున్న జీవుల) అడుగుజాడలు కూడా చెక్కుచెదరకుండా దొరికాయి.

'ఫార్మేషన్' అంటే మ్యాపులో విడిగా గుర్తించగల రాతి పొరల సముదాయం. అలా పిలిస్తే మధ్యలో డోలమైట్ (సున్నపురాయి లాంటి కార్బొనేట్ రాయి) పొరలు తగిలినా పేరు చెడదు. ఎంత మందమన్నది ముఖ్యం కాదు, మ్యాపులో గీయగలగాలి. టైప్ సెక్షన్ (నమూనాగా ఎంచుకున్న చోటు), అడుగు, పై హద్దులు రాసి తీరాలి. ముత్‌కు పై హద్దు, దాని మీద ఉన్న లిపాక్ ఫార్మేషన్‌తో. అడుగు హద్దు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు: కొండచరియ నుంచి రాలిన తెల్ల రాళ్లు కింది మెత్తటి పొరలను కప్పేస్తాయి, దాంతో ముత్ మందం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. వాగు కోసిన చోట, పొర వాలు చూసుకుని కొలవాలి.

మ్యాపుకు ఫార్మేషనే సరి. క్వార్ట్జైట్ అన్న మాట వర్ణనలో ఉంటే చాలు.