గానుగ నూనెకా, చేత్తో చేసిన సబ్బుకా: ఎక్కువ డబ్బు దేనికి పెడితే మేలు?

ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్లినా, అపార్ట్‌మెంట్ కింద ఆదివారం పెట్టే సంతకి దిగినా ఒకే బల్ల మీద రెండు రకాల సరుకు కనిపిస్తోంది. ఒక పక్క గానుగ నూనె, నల్లబెల్లం, అడవి తేనె. రెండో పక్క మేకపాల సబ్బు, వేపాకు సబ్బు, సున్నిపిండి ప్యాకెట్టు, కలబంద జెల్. అన్నిటి మీదా రాసేది ఒకటే: సహజం, చేత్తో చేసింది, కెమికల్స్ లేవు. ధర మామూలు సరుకుకి రెండింతలు, ఒక్కోసారి మూడింతలు. ఇలాంటి వాటికి నెలకో వెయ్యి రూపాయలు తీసి పక్కన పెట్టగలిగితే అది ఎటు ఖర్చు పెట్టాలి? నా లెక్క ముందే చెప్పేస్తాను. అందులో ముప్పాతిక వంటింటికే పోవాలి. ఒంటికి రాసుకునేవాటిలో సగం ఇంట్లో చేసుకోవచ్చు. మిగతా సగంలో ఫ్యాక్టరీ సరుకే నయమైనవి చాలా ఉన్నాయి.

గానుగా, ఫిల్టరా, రిఫైన్డా?

రిఫైన్డ్ నూనెకి మొదట గింజను యంత్రంలో పిండుతారు. చెక్కలో మిగిలిపోయిన నూనెను హెక్సేన్ అనే ద్రావకంతో లాగుతారు. ఆ తర్వాత జిగురు తీస్తారు, క్షారం కలిపి ఆమ్లాలు పోగొడతారు, ఒక రకం మట్టితో రంగు పీల్చేస్తారు, చివర్లో 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పంపి వాసన లాగేస్తారు. చేతికొచ్చేది నీళ్లలా తేటగా, ఏ గింజదో తెలియకుండా ఉంటుంది. గానుగలో ఈ తతంగమేదీ లేదు. రోలు, రోకలి నెమ్మదిగా తిరుగుతాయి. నువ్వులైతే మధ్యలో కాస్త బెల్లం వేసి నీళ్లు చిలకరిస్తారు, పిప్పి ముద్దకట్టి నూనె విడవడానికి. దిగిన నూనెను కొన్నాళ్లు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి చేరుతుంది, పైన తేరింది సీసాల్లో పోస్తారు. ఎద్దు గానుగ అని బోర్డు పెట్టి ఇంకో వంద ఎక్కువ అడిగేవాళ్లున్నారు. మోటారు గానుగ అయినా నిదానంగా తిరిగితే నూనెకి వచ్చే లోటేమీ లేదు, ఎద్దుకి విశ్రాంతి కూడా.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, నూనె వేడెక్కని చోట. ఇడ్లీ మీద కారప్పొడి వేసుకుని, మధ్యలో గుంట చేసి గానుగ పప్పునూనె, అంటే నువ్వుల నూనె, పోసి చూడండి. అదే పొడిలో రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె పోస్తే నాలిక్కి జిడ్డు తగులుతుందే గాని రుచి రాదు. కందిపొడి అన్నంలో అయినా, పులిహోరలో చివర్న చల్లే చెంచాడు నూనె అయినా అంతే. ఆవకాయ సంగతైతే చెప్పనక్కర్లేదు. ఆవకాయకి పప్పునూనే ఎందుకంటే పెద్దవాళ్లు రుచి అంటారు, దానికింకో కారణం కూడా ఉంది. నువ్వుల్లో సెసమాల్, సెసమిన్ లాంటి పదార్థాలు నూనెను తొందరగా మక్కిపోనివ్వవు. ఏడాది పొడుగునా జాడీలో పైకి తేలి ముక్కను కాపాడాల్సిన నూనెకి కావాల్సిన గుణం అదే. వేరుశనగ నూనెకి ఆ ఓపిక తక్కువ. గానుగ వేరుశనగ నూనె సీసా మూత తీశాక రెండు మూడు నెలల్లో వాడెయ్యడం మంచిది.

కానీ బూరెలు, గారెలు, అప్పడాలు వేయించేటప్పుడు గానుగ నూనె పక్కన పెట్టెయ్యండి. అందులో జిగురు పదార్థాలు అలాగే ఉంటాయి కాబట్టి పిండి పడగానే నురగ కట్టి మూకుడు అంచుదాకా పొంగుతుంది. పొగ కూడా తొందరగా వస్తుంది: రిఫైన్డ్ వేరుశనగ నూనె 230 డిగ్రీల దాకా తట్టుకుంటే, గానుగది 160 దగ్గరే పొగ చిమ్మడం మొదలుపెడుతుంది. నాలుగొందలు పెట్టి కొన్న నూనెలో వాసనంతా పొగ గూట్లో పోగొట్టుకోవడం దేనికి? ఈ రెండింటి మధ్య ఫిల్టర్డ్ వేరుశనగ నూనె ఉంది. యంత్రంలోనే పిండుతారు, వడకడతారు, అంతకు మించి చెయ్యరు. వాసన ఉంటుంది, ధర మధ్యస్తం. రోజూ కూరల తాలింపుకి నా ఓటు దానికే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఒకే నూనె పట్టుకుని కూర్చోకుండా రకాలు మార్చి వాడమనే చెబుతుంది.

ఒక్క భ్రమ మాత్రం వదులుకోవాలి. గానుగదైనా రిఫైన్డ్‌దైనా గ్రాము నూనెలో ఉండేది తొమ్మిది కేలరీలే. గానుగదే కదా అని రెండు గరిటెలు ఎక్కువ పోస్తే నడుం చుట్టూ చేరేది సమానమే.

ఇక నమ్మకం సంగతి. కిలో నువ్వులకి గానుగలో దిగేది సుమారు 400 గ్రాముల నూనె. లీటరు కావాలంటే రెండుంబావు కిలోల పైచిలుకు నువ్వులు పడతాయి. వేరుశనగ పప్పుకీ దాదాపు అంతే. మీ వీధి కొట్లో కిలో నువ్వుల ధర అడిగి ఆ లెక్కన హెచ్చించండి. గానుగ కూలి కలపండి, తెలకపిండి (నూనె తీశాక మిగిలే నువ్వుల పిప్పి) అమ్మితే వచ్చేది తీసెయ్యండి. ఆ మొత్తానికి బాగా దిగువన ఎవరైనా లీటరు ఇస్తున్నారంటే అందులో నువ్వులతో పాటు ఇంకేదో కలిసినట్టే. తెలకపిండి ఉందా అని అడగడం కూడా మంచి పరీక్ష. నిజంగా గానుగ ఆడించేవాళ్ల దగ్గర అది ఉండి తీరాలి. ఉంటే ఓ అరకిలో తెచ్చుకుని మునగాకుతో కూర చేసుకోండి. బాలింతలకి పెట్టే కూర అని మిగతావాళ్లు మానుకోవాల్సిన పనిలేదు.

వేరుశనగ దగ్గర అడగాల్సిన ప్రశ్న వేరే. "అన్నా, గింజలు ఏరి వేస్తారా, బస్తా బస్తానే పోస్తారా?" వానకి తడిసి బూజు పట్టిన కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి చేటు. చాలా భాగం చెక్కలోనే ఉండిపోయినా కొంత నూనెలోకి దిగుతుంది. రిఫైన్డ్ నూనెలో క్షారం, మట్టి దశల్లో అది పోతుంది. గానుగ నూనెలో పోయే దారి లేదు, కాబట్టి శుభ్రమంతా గింజలోనే ఉండాలి. ముడుచుకుపోయినవీ, నల్లబడినవీ తీసి పక్కన పోసిన జల్లెడ మీకు చూపించగలిగితే ఆయన దగ్గర కళ్లుమూసుకుని కొనొచ్చు. మన పప్పు మనమే పట్టుకెళ్లి ఆడించుకునే గానుగలు ఇంకా ఉన్నాయి, అంతకంటే హాయి లేదు. సీసా మీద ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందో లేదో చూడటం అతి జాగ్రత్తేమీ కాదు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి అరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కడ పుట్టిందో తెలియని నూనెతో వచ్చే చిక్కు అది.

బెల్లం, తేనె

బెల్లంలో తీర్పు తేలిక. నిమ్మపండు రంగులో మెరిసే బెల్లం ఆ రంగుకి వచ్చేది ఎక్కువగా హైడ్రోస్ అనే రసాయనం వల్ల. చెరకు రసం మరిగేటప్పుడు వేస్తే మురికి రంగు విరిగి తెల్లబడుతుంది. అనకాపల్లి లాంటి పెద్ద మార్కెట్లలో తెల్లటి దిమ్మకే మంచి ధర పలకడంతో రైతూ వేస్తాడు, తప్పు కొనేవాడి కంటిది. ముదురు గోధుమ రంగు, కాస్త తేమ, నోట్లో వేసుకుంటే చివర్న సన్నటి ఉప్పదనం లాంటిది ఉన్న బెల్లం తీసుకోండి. ధరలో తేడా కిలోకి కొన్ని పదుల రూపాయలే, పొంగలిలో తేడా మాత్రం వీధికి తెలుస్తుంది. ఒక హెచ్చరిక: నల్లగా ఉన్నదల్లా మంచిది కాదు, పాకం మాడినా నల్లగానే ఉంటుంది. వాసన చూడండి.

తేనెకి మాత్రం ఇంటి పరీక్షలేవీ నమ్మొద్దు. నీళ్లలో వెయ్యడం, అగ్గిపుల్ల ముంచి గీయడం, ఇవేవీ చక్కెర పాకాన్ని పట్టలేవు. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్లను పరీక్షకి పంపితే కల్తీని పట్టే ఎన్ఎంఆర్ అనే ల్యాబ్ పరీక్షలో నిలిచినవి మూడే. పెద్ద పేరున్నవే అలా ఉన్నప్పుడు బిందెలో తేనెపట్టు ముక్క తేలేసి రోడ్డు పక్క అమ్మేవాళ్ల మాట ఏం చెప్పను? గిరిజన సహకార సంస్థ తేనె గాని, పెట్టెలు పెట్టి పెంచే రైతు తెలిసినవాడైతే ఆయన దగ్గర గాని కొనడమే నాకు తెలిసిన దారి.

ఒంటి సరుకు: నీళ్లు ఉన్నాయా, లేవా?

చర్మానికి వాడే వాటిలో నేను మొదట చూసేది ఇదే. పొడిగా ఉన్నదీ, ఒట్టి నూనెగా ఉన్నదీ పాడవడం కష్టం, కాబట్టి వాటికి నిల్వ మందు అక్కర్లేదు. నీళ్లు ఉన్నది, అంటే క్రీమ్, జెల్, లోషన్, ప్రిజర్వేటివ్ లేకుండా ఉంటే కొద్దిరోజుల్లోనే అందులో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. కంటికి కనిపించవు, వాసన కూడా రాకపోవచ్చు. కలబంద జెల్ డబ్బా మీద ప్రిజర్వేటివ్స్ లేవు అని గొప్పగా రాసి, కింద గడువు ఏడాది అని వేస్తే రెండింటిలో ఒకటి అబద్ధం. కలబంద కావాలనుకుంటే కుండీలోంచి మట్ట కోసి, పసుపుపచ్చగా కారే సొన కడిగేసి, లోపలి గుజ్జు రాసుకోండి. నిల్వ ఉండే క్రీమే కావాలంటే ఫ్యాక్టరీది కొనండి, అందులో వేసే ఆ కొద్ది మందే దానికి రక్ష.

సున్నిపిండి ఈ లెక్కలో గట్టెక్కుతుంది, పొడి కాబట్టి. అయితే కొనడం ఎందుకు? పెసలు, శనగపప్పు, గుప్పెడు బియ్యం, కచ్చూరాలు, వట్టివేళ్లు, ఎండబెట్టిన గులాబీ రేకులు, కాస్త కస్తూరి పసుపు. మరపట్టిస్తే అరకిలో పిండికి అయ్యే ఖర్చుకి బజార్లో వంద గ్రాముల అందమైన డబ్బా కూడా రాదు. ఇంట్లో చేసుకుంటే ఎంత మెత్తగా ఉండాలో మీ ఇష్టం. బరక పిండి మొహానికి వద్దు, గీతలు పడతాయి. ఒక దినుసు గురించి మాత్రం చెప్పాలి. చాలామంది సున్నిపిండిలో బావంచాలు వేస్తారు. వాటిలోని సోరలెన్ అనే పదార్థం చర్మానికి ఎండను భరించే శక్తి తగ్గిస్తుంది. అందుకే బొల్లి వైద్యంలో వాటిని వాడతారు, అదీ వైద్యుడి లెక్కతో. రుద్దుకుని స్నానం చేసి ఎండలోకి వెళ్తే కొందరికి మచ్చలు, బొబ్బలు వస్తాయి. బావంచాలూ చెట్టు నుంచి వచ్చినవే మరి. వెయ్యకుండానే పట్టించుకోండి, పోయేదేం లేదు.

చేతి సబ్బు దగ్గరే నాకూ, దాన్ని ఇష్టపడే మా ఇంట్లోవాళ్లకీ గొడవ. కెమికల్స్ లేవు అనే మాట సబ్బు విషయంలో అసలు కుదరదు. నూనెకి కాస్టిక్ సోడా కలవనిదే సబ్బు పుట్టదు. చల్లటి పద్ధతిలో చేసి నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెడితే సోడా అంతా నూనెతో కలిసిపోతుంది, గ్లిజరిన్ అందులోనే ఉండిపోతుంది. అందుకే మంచి చేతి సబ్బు ఒంటిని అంతగా లాగదు. దాని గొప్పదనం అది, ఒప్పుకోవాల్సిందే. కానీ దాని పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, కూడా తొమ్మిది, పది దగ్గరే ఉంటుంది. మన చర్మానిది ఐదు చిల్లర. మేకపాలు పోసినా, కుంకుమపువ్వు చల్లినా ఆ అంకె మారదు. పైగా బోరు నీళ్ల ఊళ్లలో, హైదరాబాద్‌లో సగం కాలనీలతో సహా, ఉప్పునీళ్లు తగిలితే ఏ సబ్బయినా నురగకి బదులు తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్టు అంచున పేరుకునేదీ, ఒంటి మీద జిగటగా మిగిలేదీ అదే. అలాంటి నీళ్లకి సిండెట్ బార్ అనే సబ్బు కాని సబ్బు మేలు. దాని పీహెచ్ చర్మానికి దగ్గర, తెట్టు కట్టదు. చర్మవైద్యులు పొడిబారే ఒంటికీ, ఎగ్జిమా ఉన్న పిల్లలకీ రాసిచ్చేది అలాంటిదే. మామూలు సబ్బుతో సర్దుకునేవాళ్లు రేపర్ మీద టీఎఫ్ఎం (సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పే అంకె) చూస్తే చాలు, 76 శాతం, ఆపైన ఉంటే మొదటి గ్రేడు. అదీ చేతి సబ్బు ధరలో నాలుగో వంతుకే దొరుకుతుంది.

ఇక అభ్యంగనం. వంద మిల్లీలీటర్ల గాజు సీసాలో బాడీ ఆయిల్ పేరుతో అమ్మేదాని పదార్థాల జాబితా చదవండి. మొదట ఉండేది తరచుగా నువ్వుల నూనె, చివర్న ఏదో సువాసన తైలం. అదే నూనె మీ వంటింట్లో లీటరు సీసాలో ఉంది. ఆదివారం గోరువెచ్చగా చేసి ఒంటికి మర్దనా చేసుకుని, అరగంట ఆగి సున్నిపిండితో రుద్దుకుంటే ఏ స్పా చెయ్యగలిగేదీ అంతకు మించి ఉండదు. సువాసన తైలాలు లేకపోవడం లాభమే, కొందరికి దద్దుర్లు తెచ్చేవి అవే. పొడిచర్మానికి కొబ్బరినూనె బాగా పనిచేస్తుంది, మొటిమలొచ్చే మొహానికి మాత్రం అది వద్దు. తల దగ్గర ఒక మాట: నూనె అంటుకున్న రోజు కుంకుడు రసమే శుభ్రంగా వదిలిస్తుంది, కళ్లు మంటెత్తినా సరే. రోజూ తలంటుకునే ఉద్యోగస్తులకి షాంపూ తప్పదు, దానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇన్ని చెప్పాక కూడా చేతి సబ్బు కొంటామంటే కొనండి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వాసన బాగుంటుంది, ఆ ముచ్చటకి డబ్బు పెట్టడం నేరం కాదు. తయారీదారు లైసెన్స్ నంబరు, చేసిన తేదీ చూసుకోండి. కానీ ఈ మధ్య గృహప్రవేశాలకీ, సీమంతాలకీ రిటర్న్ గిఫ్ట్‌గా సబ్బుల జత పంచడం ఎక్కువైంది. ఆ డబ్బుకే ఓ పావులీటరు గానుగ పప్పునూనె, చిన్న దిమ్మ నల్లబెల్లం వస్తాయి. మా చుట్టాల్లో ఎవరు అడిగినా నేను అవే పంచమంటున్నాను.