విశాఖ గాలిలో ఖమ్రా: సాంబ్రాణి తేలే దాకా ఓపిక పట్టండి

విశాఖ ఉక్కపోతకు ఖమ్రా లాంటి ఇంత ఘాటైన తీపి సెంటు నిలుస్తుందా అని చాలామంది సందేహిస్తారు. నిలవడం గురించి బెంగ అక్కర్లేదు, కావలసిన దానికన్నా ఎక్కువే నిలుస్తుంది. ఎప్పుడు కొట్టుకోవాలి, ఎంత కొట్టుకోవాలి అన్నదే అసలు సంగతి. నా ఖమ్రా సీసా సగానికి పైగా ఖాళీ అయింది. కార్తీక దీపాలు పెట్టే రోజుల నుంచి శివరాత్రి దాకా దీనికి సాటి వచ్చే సెంటు ఈ ధరలో నాకు దొరకలేదు. ఎండలు ముదిరాక మాత్రం దీని జోలికి పోను.

లతాఫా అనే ఎమిరేట్స్ కంపెనీ దీన్ని 2022లో తెచ్చింది. 100 మిల్లీలీటర్ల సీసా నాకు 3,000 రూపాయల లోపే వచ్చింది. కిలియన్ సంస్థ 2020లో విడుదల చేసిన ఏంజెల్స్ షేర్‌కు ఇది దగ్గరి చుట్టమని సెంట్లు తెలిసినవాళ్లంటారు. మా బ్యాంకులో ఒకావిడ ఆ ఖరీదైన సెంటు వాడతారు కాబట్టి రెండింటినీ పక్కపక్కన వాసన చూశాను. చుట్టరికం నిజమే. దాల్చినచెక్క ఘాటు, వెనీలాను పోలిన వాసన ఉండే టోంకా గింజ తీపి రెండింటిలోనూ ఉన్నాయి. కానీ అందులో ముందుకు వచ్చేది కోన్యాక్ మద్యపు వాసన, ఇందులో ఖర్జూరం. నాకు ఖర్జూరమే నచ్చింది.

కొట్టుకోగానే దాల్చినచెక్క, జాజికాయ ముక్కుకు తగులుతాయి. వాటి వెనుక కాస్త నిమ్మజాతి పులుపు ఉంటుంది గానీ అది నిమిషాల్లో పోతుంది. ఆ తరువాత అరగంట, ముప్పావుగంట అంతా తీపే. మెత్తటి ఖర్జూరాన్ని నేతిలో వేయిస్తున్నప్పుడు వంటింట్లో వచ్చే కమ్మదనం లాంటిది. తీపి సెంట్లు పడనివాళ్లు ఈ దశలోనే మొహం తిప్పుకుంటారు. దుకాణంలో అట్టముక్క మీద కొట్టి, ఒక్కసారి పీల్చి వద్దనుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. వాళ్లు సగం కూడా చూడలేదు.

మూడో గంట నుంచి మొదలయ్యే అంబర్ వాసన కోసమే నేను దీన్ని కొంటాను. అంబర్ అనేది ఒక్క దినుసు కాదు. లాబ్డానమ్ అనే బంక, బెంజోయిన్, వెనీలా వంటివి కలిపి కట్టే పరిమళం. ఇందులోని బెంజోయిన్ మన ఇళ్లలో నిప్పుల మీద వేసే సాంబ్రాణే. పొగ, మంట వాసన లేకుండా దాని తియ్యటి వెచ్చదనం ఒక్కటే మిగిలితే ఎలా ఉంటుందో ఖమ్రా చివరి దశ అలా ఉంటుంది. దానికి తోడు బోళం అనే బంక చిరుచేదు తగలడం వల్ల తీపి మొహం మొత్తదు. ఒక మంగళవారం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే మా అత్తయ్యగారు లోపలి నుంచి, "శుక్రవారం కూడా కాదు, సాంబ్రాణి ఎవరు వేశారమ్మా?" అని అడిగారు. పొద్దున తొమ్మిదింటికి కొట్టుకున్నది అప్పటికీ ఉందన్నమాట.

మోతాదు విషయంలో గట్టిగానే చెబుతాను. రెండుసార్లు నొక్కితే చాలు. ఒకే వాసన మధ్య ఎక్కువసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. పోయిందేమో అనుకుని మళ్లీ కొట్టుకుంటాం. మనకు తెలియకపోయినా పక్కన కూర్చున్నవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. ద్వారకానగర్ నుంచి జగదాంబ దాకా కిక్కిరిసిన ఆటోలో వెళ్లేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. చెవుల వెనుక, మెడ మీద కన్నా మోచేతి మడతలో కొట్టుకోవడం మేలు. మన చెమటకు, వేడికి అక్కడి నుంచి నెమ్మదిగా లేస్తుంది.

నేత చీర కొంగుకు పట్టిందంటే ఉతికే దాకా పోదు. అయితే ద్రవం ముదురు తేనె రంగులో ఉంటుంది. పొందూరు ఖాదీ వంటి లేత రంగు చీరల మీద, పట్టు మీద నేరుగా కొట్టకండి. పూల సంగతి కూడా చెప్పాలి. తలలో మల్లెలు ఉన్నప్పుడు ఖమ్రా వద్దు. రెండూ పోటీపడి రెండూ చెడతాయి. కనకాంబరాలకు వాసన ఉండదు కాబట్టి వాటితో పేచీ లేదు. పైగా మల్లెలు వచ్చే కాలమూ ఖమ్రాను పక్కన పెట్టే కాలమూ ఒకటే. సింహాచలంలో చందనోత్సవం జరిగే అక్షయ తృతీయ నాటికి మా ఇంట్లో సీసా ఎప్పుడో బీరువాలోకి చేరిపోయి ఉంటుంది. సముద్రపు తేమ, మే నెల ఎండ కలిసినప్పుడు ఆ మొదటి అరగంట తీపి గాలిలో బరువుగా వేలాడుతుంది. తల పట్టేస్తుంది. ఆ రోజులకు వట్టివేళ్ల అత్తరో, నిమ్మ వాసన సెంటో చూసుకోండి. చలిలో అరకు వెళ్లేటప్పుడు మాత్రం మూడోసారి నొక్కినా ఫరవాలేదు. ఆ కొండగాలిలో దాల్చినచెక్క వాసన ఎంతో శుభ్రంగా తెలుస్తుంది.

కొనేటప్పుడు జాగ్రత్త. దీనికి నకిలీలు చాలా తిరుగుతున్నాయి. మా చెల్లెలు బాగా తక్కువ ధరకు వచ్చిందని తెప్పించుకున్న సీసాలో దాల్చినచెక్క ఘాటు తప్ప ఏమీ లేదు, గంటలో ఆవిరైంది. పూర్తి సీసాకు ముందు తెలిసినవాళ్ల దగ్గర ఐదు మిల్లీలీటర్లు పోయించుకుని, సెలవు రోజున పొద్దున్నే చేతికి రాసుకుని, సాయంత్రం దాకా చూడండి. మూడో గంట నచ్చితేనే కొనండి.