ఎవరికీ వినపడని పియానో: కొన్నేళ్లు వాడాక

88 కీలు, హ్యామర్ యాక్షన్, పెడల్... ఇవన్నీ డబ్బా మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఈ డిజిటల్ పియానోలో నాకు ప్రాణమైనది హెడ్‌ఫోన్ జాక్. నలభై దాటాక సంగీతం మొదలుపెట్టిన వాళ్లకి వేళ్లు తిరగకపోవడం కన్నా పెద్ద అడ్డంకి సిగ్గు. అదే నాలుగు బార్లు (తాళం లెక్కన విడగొట్టిన చిన్న ముక్కలు) పదే పదే తప్పు వాయిస్తుంటే, పక్కగదిలో వాళ్లు వింటున్నారన్న టెన్షన్‌కే వేళ్లు బిగుసుకుపోతాయి. పిన్ను గుచ్చగానే స్పీకర్లు మూగబోతాయి. ఇక మనం, మన తప్పులు, అంతే. అందరూ పడుకున్నాక అరగంట దొరికితే చాలు, ఆ రోజు ప్రాక్టీస్ అయిపోయినట్టే. ఈ సౌకర్యం లేకపోతే నేను మొదటి ఏడాదే మానేసి ఉండేదాన్ని.

వైరున్న హెడ్‌ఫోన్సే వాడండి. బ్లూటూత్‌వి పెట్టుకుంటే కీ నొక్కిన కాసేపటికి గానీ శబ్దం చెవికి చేరదు. పాటలు వినేటప్పుడు ఆ ఆలస్యం మనకి తెలియదు, వాయించేటప్పుడు మాత్రం లయ మొత్తం చెడుతుంది. కొన్ని మోడళ్లలో జాక్ లావుగా, 6.3 మిల్లీమీటర్లది ఉంటుంది. మామూలు 3.5 పిన్నుకి చిన్న అడాప్టర్ తగిలించుకోవాలి.

ఎవరికీ వినపడదని అన్నాను గానీ, అది పై అంతస్తులో ఉండేవాళ్లకి పూర్తిగా వర్తించదు. సంగీతం చెవుల్లో ఉంటుంది, కీలు అడుగుకి తగిలే దబదబ మాత్రం స్టాండ్ కాళ్ల గుండా నేలలోకి దిగుతుంది. "రాత్రిళ్లు ఏం దంచుతున్నారండీ?" అని కిందింటావిడ మర్యాదగానే అడిగింది. కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాక తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇక అసలు గొడవ. వారంటీ దాటాక ఒక రాత్రి, మెత్తగా వాయించాల్సిన చోట, మధ్య సి (కీబోర్డు నడిమధ్యన ఉండే C స్వరం) దగ్గరున్న ఇ (E) కీ ఒక్కసారిగా ఫుల్ సౌండ్‌లో అరిచింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నానేమో, చెవిలో మేకు దిగినట్టయింది. మళ్లీ నొక్కితే ఏమీ ఎరగనట్టు మామూలుగా పలికింది. రానురాను నాలుగుసార్లు నొక్కితే ఒకసారి అరవడం మొదలైంది. ఎప్పుడు అరుస్తుందో తెలియక, ఆ కీ దగ్గరకి రాగానే వేలు జంకేది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, కనీసం చూడకుండానే "కీబెడ్ మొత్తం మార్చాలి మేడమ్" అన్నారు. ఒక్క కీ కోసం 88 కీల కింద ఉన్నదంతా!

చివరికి కీబోర్డులు బాగుచేసే ఒకాయన ఇంటికే వచ్చి విప్పారు. పక్కనే కూర్చుని చూశాను. కీల కింద బారుగా రబ్బరు పట్టీ, దాని మీద వరసగా బుడిపెలు, ఒక్కో బుడిపె లోపల నల్లటి కార్బన్ చుక్కలు. కీ నొక్కితే ఒక చుక్క ముందు, రెండోది వెనక, కింది బోర్డుకి తగులుతాయి. ఆ రెండింటికీ మధ్య పట్టిన సమయాన్ని బట్టి మనం ఎంత గట్టిగా కొట్టామో మెషీన్ లెక్క కట్టి, 1 నుంచి 127 దాకా ఒక అంకె వేస్తుంది. ముందు తగలాల్సిన చుక్క దగ్గర నలుసు చేరితే అది ఆలస్యంగా తగులుతుంది. రెండూ దాదాపు ఒకేసారి తగిలేసరికి, మనం గుద్దామనుకుని తిన్నగా 127 వేసేస్తుంది. నా ఇ కింద దొరికింది కనీకనపడని దుమ్ము పోగు. ఆయన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చుక్కల్నీ బోర్డునీ తుడిచి, ఆరనిచ్చి, పట్టీని యథాస్థానంలో నొక్కి పెట్టారు. అంతే, ఇప్పటిదాకా మళ్లీ అరవలేదు. మూత గుడ్డ మాత్రం ఇప్పుడు తప్పనిసరిగా కప్పుతున్నాను.

ఆయన వచ్చేలోపు ఇ లేకుండా ఏం వాయించాలా అని వెతుక్కుంటే బి ఫ్లాట్ మేజర్, ఇ ఫ్లాట్ మేజర్ స్కేళ్లు (స్వరాల వరసలు) కనిపించాయి. రెండింట్లోనూ ఇ ఫ్లాటే (ఇ కి ఎడమ పక్కనున్న నల్ల కీ) గానీ ఇ రాదు. నల్ల కీల భయంతో వాయిదా వేస్తూ వచ్చిన ఆ స్కేళ్లు గతిలేక కుదిరిపోయాయి.

హెడ్‌ఫోన్స్‌ని అంత పొగిడాను కదా, ఇంకో సంగతీ చెప్పాలి. ఈమధ్య తెలిసినవాళ్లింట్లో తీగలున్న అసలు పియానో వాయించాను. నేను ముచ్చటగా మెత్తగా వాయించే చోటల్లా అక్కడ సగం స్వరాలు పలకనే లేదు. హెడ్‌ఫోన్స్‌లో చిన్న శబ్దమైనా చెవి పక్కనే ఉంటుంది, చాలకపోతే వాల్యూమ్ తిప్పుకుంటాం, వేలికి పనే పడదు. అక్కడ సుత్తి వెళ్లి తీగని తాకేంత ఊపు వేలే ఇవ్వాలి. అందుకే ఇప్పుడు సెలవు రోజుల్లో పగటిపూట స్పీకర్ల మీదే వాయిస్తున్నాను, సిగ్గుపడుతూనే.

నాలాగా పగలంతా ఉద్యోగం, రాత్రి నిద్రపోయే ఇల్లు ఉన్నవాళ్లయితే ఇది కొనుక్కోవచ్చనే అంటాను. పియానో పరీక్షలు రాసే ఉద్దేశం ఉన్నా, రోజూ అసలు పియానో అందుబాటులో ఉన్నా మీ లెక్క వేరు. కొనేటప్పుడు మాత్రం పవర్ ఆపేసి ఉత్త కీలు నొక్కి చూడండి. కిందింటివాళ్లకి వినపడేది ఆ చప్పుడే.